పాత బండికి కొత్త తీగలు



కర్నూలులోగాని కడపలోగాని పాత బండి ఉన్న ఇల్లు కనబడాలంటే పెద్దగా తిరగాల్సిన పని లేదు. ఒకరి దొడ్లో తాత కొన్న మహీంద్రా జీపు ఉంటుంది. ఇంకొకరి షెడ్డులో గుడ్డ కప్పిన అంబాసిడరు, మరొకరి వసారాలో బుల్లెట్టో, జావానో, యెజ్డీనో ఉంటుంది. కొన్ని ఇప్పటికీ రోజూ తిరుగుతున్నాయి. కొన్ని పెళ్లికొడుకు ఊరేగింపుకీ, అహోబిలం ఉత్సవాలకీ మాత్రమే బయటికొస్తాయి. ఈ మధ్య వీటి మీద మమకారం బాగా పెరిగింది. రంగు వేయిస్తున్నారు, సీట్లు కుట్టిస్తున్నారు, ఇంజను దించి బోరు చేయిస్తున్నారు. ఖర్చుకు వెనకాడటం లేదు. అంతా అయ్యాక బానెట్ ఎత్తి చూస్తే లోపల తీగలు మాత్రం తాతగారి నాటివే. ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆ తీగల గురించి.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. పాత బండి వైరింగు బాగుచేద్దామనుకున్న వాళ్లలో చాలామంది దీపంతో మొదలుపెడతారు. పెద్ద బల్బులు, గట్టి హారను, ఫోన్ చార్జరు, పాటల పెట్టె. తీగ సంగతి పొగ వచ్చాకే గుర్తొస్తుంది. ఈ వరస తిరగేయాలి. ముందు తీగ, ఆ వెంట ఫ్యూజు, వాటి తర్వాతే దీపం. మిగతా ప్రసంగమంతా ఈ వరస ఎందుకో, ఎట్లాగో చెప్పడానికే.

మన ప్రాంతంలో ఈ జాగ్రత్త ఇంకొంచెం ఎక్కువ అవసరం. మే నెలలో మనకు 42, 43 డిగ్రీలు మామూలు. ఎండలో నిలబెట్టిన బండి బానెట్ కింద, ఇంజను వేడి కూడా తోడైతే, అది ఇంకెంతకు పోతుందో ఊహించుకోవచ్చు. తీగ మీద ఉండే ప్లాస్టిక్ తొడుగు ఏళ్ల తరబడి ఆ వేడికి మెత్తదనం పోగొట్టుకుంటుంది. చూడటానికి బాగానే ఉంటుంది. వేలితో వంచితే పటుక్కున చిట్లి లోపలి రాగి బయటపడుతుంది. ఇంకా పాత బండ్లలో రబ్బరు మీద నూలు అల్లిన తీగలుంటాయి. వాటిలో రబ్బరు ఎప్పుడో పొడి అయిపోయి, నూలు ఒక్కటే రాగిని కప్పుకుని ఉంటుంది.

ఇక దుమ్ము. బేతంచెర్ల వైపు పాలిష్ బండల పని, ఎర్రగుంట్ల వైపు నాపరాళ్ల గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు. ఆ దారుల్లో తిరిగే బండి స్విచ్చుల్లోకి, ఫ్యూజు పెట్టెలోకి మెత్తని పొడి చేరుతుంది. మొదటి వాన తడి తగలగానే అది పేస్టులాగా అతుక్కుని ఇత్తడి ముక్కలకు పచ్చటి చిలుము పట్టిస్తుంది. దీనికి తోడు ఎలుకలు. శెనక్కాయల మూటల పక్కన బండి పెట్టుకునే ఇళ్లలో వైరింగులో ఎక్కడ కొరుకుడు పడిందో వెతకడమే సగం రిపేరు.

వీటన్నిటికంటే పెద్ద శత్రువు మనమే. ఎన్నికలొస్తే జీపుకు మైకు సెట్టు కట్టాం. జాతరొస్తే రంగు బల్బుల తోరణాలు కట్టాం. ప్రతిసారీ దొరికిన తీగను గీకి, ఇంకో తీగ మెలిపెట్టి, టేపు చుట్టాం. పని అయిపోయాక మైకు ఊడదీశాం, మెలిక మాత్రం వదిలేశాం. ఎండ వేడికి టేపు జిగురు కారిపోయి, చుట్టు వదులై, బోసి రాగి ఛాసిస్ మీద వేలాడుతుంటుంది. సినిమాల్లో మన సీమ సుమోలు గాల్లోకి లేస్తుంటాయి. నిజానికి మన పాత సుమోల్లో, జీపుల్లో లేచేది డాష్ బోర్డు వెనక నుంచి పొగ.

ఇప్పుడు పాత బండి లోపలి ఏర్పాటు కాస్త చూద్దాం. అంబాసిడరునే తీసుకుందాం. 1958లో కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు దీన్ని మొదలుపెట్టారు. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారే దీనికి మూలం. 2014 దాకా తయారైంది. వైరింగు పద్ధతి లూకాస్ కంపెనీది. ఆ కంపెనీ వాళ్లే టీవీఎస్‌తో కలిసి 1961లో మద్రాసులో లూకాస్ టీవీఎస్ పెట్టారు. ఇంగ్లండులో కారు నడిపేవాళ్లు లూకాస్‌ను ఎగతాళిగా చీకటి రాకుమారుడు అనేవాళ్లు, దీపాలు ఎప్పుడు ఆరిపోతాయో తెలియదని. ఆ ఎగతాళిలో న్యాయం కొంతే ఉంది. ఆ కాలానికి, ఆ చలి దేశానికి, అప్పటి చిన్న బల్బులకు ఆ పద్ధతి సరిపోయింది. మనం దాన్ని తెచ్చి సీమ ఎండలో పెట్టి, మూడింతల బరువు మోయమన్నాం.

తొలినాటి బండ్లలో ఫ్యూజు పెట్టె మూత తీస్తే పనిచేసే ఫ్యూజులు రెండే రెండు. గాజు గొట్టాల్లాంటివి. హారను, వైపరు, ఇండికేటర్లు, బ్రేకు లైటు అన్నీ ఆ రెండింటి మీదే. హెడ్ లైట్లకు అసలు ఫ్యూజే లేదు. రాత్రిపూట ఫ్యూజు పోయి ఒక్కసారిగా చీకటైతే ప్రమాదమని అప్పటి ఇంజనీర్లు అట్లా వదిలేశారు. అంటే హెడ్ లైటు తీగ ఎక్కడైనా బాడీకి రాసుకుంటే దాన్ని ఆపేవాడు లేడు. బ్యాటరీలో ఉన్నంత శక్తీ ఆ ఒక్క తీగలో పారి, తొడుగు కాలి, పక్కనున్న తీగలన్నిటినీ కూడా కాలుస్తుంది.

ఆ పెట్టెలో ఇంకో కిటుకు ఉంది. ఆ గాజు ఫ్యూజు మీద 35 అని ఉంటుంది. ఆ 35 ఆంపియర్లు అది కాలిపోయే లెక్క. అది నిలకడగా మోసేది అందులో సగం, అంటే సుమారు 17. ఇప్పుడు బజారులో దొరికే ఫ్యూజు మీద 35 అని ఉంటే, అది 35 ఆంపియర్లను నిలకడగా మోస్తుంది. అంకె ఒకటే కదా అని పాతది తీసి కొత్తది పెడితే తీగకున్న కాపలా సగానికి సగం తగ్గిపోయినట్టే. ఆ చోట 15 పెట్టండి, చాలకపోతే 20. అంతకు మించి వద్దు.

కొత్త 35 పెట్టడం కూడా నయం. కొన్ని పెట్టెల్లో గాజు ఫ్యూజుకు సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి ఉంటుంది. "ఏమప్పా, ఇదేంది?" అని అడిగితే, "ఊరికూరికే ఫ్యూజు పోతాంది సార్, ఇప్పుడు పోవడం లేదు" అని సంతోషంగా చెప్తారు. ఫ్యూజు ఊరికూరికే పోతున్నదంటే, ఎక్కడో తీగ కాలబోతున్నదని అది కబురు పెడుతున్నట్టు. కబురు తెచ్చేవాడి నోరు కట్టేశాం. గుర్తుపెట్టుకోండి, ఫ్యూజు బల్బును కాపాడటానికి లేదు, తీగను కాపాడటానికి ఉంది. అందుకే ఫ్యూజు సైజు బల్బును చూసి కాకుండా తీగ మందం చూసి నిర్ణయించాలి.

తీగ మందం సంగతి మన కె.సి. కాలువతో చెప్తే తేలిగ్గా అర్థమవుతుంది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు ఎన్ని వదిలినా, కడప దగ్గర చివరి ఆయకట్టుకు ఎన్ని చేరతాయన్నది కాలువ వెడల్పు మీదా, పూడిక మీదా, దారిలోని తూముల మీదా ఆధారపడుతుంది. బ్యాటరీ సుంకేసుల, హెడ్ లైటు చివరి పొలం. తీగ సన్నమైతే ఒత్తిడి దారిలోనే పోతుంది. కాలువలో పోయిన నీరు భూమిలో ఇంకుతుంది. తీగలో పోయిన శక్తి వేడిగా మారుతుంది. తేడా అక్కడే ఉంది, ప్రమాదమూ అక్కడే ఉంది.

కాస్త లెక్క వేద్దాం. ఒక్కొక్కటి 60 వాట్ల బల్బులు రెండు, 12 వోల్టుల మీద వెలిగితే 10 ఆంపియర్లు లాగుతాయి. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగ 5 మీటర్లు ఉందనుకుంటే, ఆ దారిలో దాదాపు 0.9 వోల్టు పోతుంది. తీగ వేడెక్కి ఉంటే ఇంకో పదో వంతు ఎక్కువ. మాసిన స్విచ్చులు, తుప్పు పట్టిన లగ్గులు ఇంకో అర వోల్టు తింటాయి. బల్బుకు చేరేది పదిన్నర వోల్టులు. దాందేముంది, కొంచెమే కదా అనిపిస్తుంది. కానీ ఈ బల్బులకు వోల్టేజి పది శాతం తగ్గితే వెలుతురు దాదాపు ముప్పై శాతం తగ్గుతుంది. మీ బండి హెడ్ లైటు పచ్చగా, గుడ్డిగా వెలుగుతున్నదంటే చాలాసార్లు తప్పు బల్బుది కాదు, దారిది.

ఆ సంగతి తెలియక మనం ఏం చేస్తాం? కడప నుంచి రాయచోటి పోతూ గువ్వలచెరువు ఘాట్‌లో రాత్రి దారి కనబడలేదని, మరునాడు 100 వాట్ల బల్బులు కొనుక్కొస్తాం. అవి రెండూ కలిసి 16 ఆంపియర్లకు పైగా లాగుతాయి. తీగలో పుట్టే వేడి కరెంటు పెరిగినట్టే పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది. 10 ఆంపియర్లు 16 అయ్యేసరికి వేడి దాదాపు మూడింతలవుతుంది. ముప్పై, నలభై ఏళ్ల నాటి ఎండిన తొడుగు ఆ మూడింతల వేడిని ఎంతసేపు ఓర్చుకుంటుంది? పైగా ఆ వాటేజి రోడ్డు మీద చట్టానికి కూడా ఒప్పదు, ఎదురొచ్చేవాడి కళ్లకూ ఒప్పదు.

దీనికి మందు రిలే. అంబాసిడరులో క్లచ్ పెడలు పక్కన కాలితో నొక్కే డిప్పర్ స్విచ్చు గుర్తుందా? హెడ్ లైట్ల కరెంటు అంతా డాష్ బోర్డు స్విచ్చులోంచి ఆ కాలి కింది స్విచ్చుకు వచ్చి, అక్కణ్నుంచి మళ్లీ ముందుకు పోతుంది. చెప్పుల మట్టి, వాననీళ్లు, కారిన ఆయిలు అన్నీ దాని మీదే. ఓ గంట నడిపాక మ్యాటు ఎత్తి దాని మీద వేలు పెట్టి చూడండి. కాలిందంటే అక్కడ మీ వెలుతురు వేడిగా మారి పోతున్నదన్నమాట. రిలే పెడితే ఆ స్విచ్చు మీద బరువు ఉండదు. స్విచ్చు కొంచెం కరెంటుతో రిలేను పిలుస్తుంది, అంతే. అసలు కరెంటు బ్యాటరీ నుంచి ఫ్యూజు ద్వారా, లావు తీగలో, రిలే మీదుగా నేరుగా బల్బుకు పోతుంది. రిలే కాళ్ల మీద నాలుగు అంకెలుంటాయి. 30కి బ్యాటరీ, 87కి బల్బు, 85, 86లకు స్విచ్చు, ఎర్తు. హై బీముకు ఒక రిలే, డిప్పుకు ఒకటి. మామూలు 60/55 వాట్ల హాలోజన్ బల్బులతోనే రోడ్డు కొత్తగా కనబడుతుంది. 100 వాట్ల అవసరమే రాదు.

ఇక పని మొదలుపెట్టే వరస.

మొదట పటం గీయండి. ఏ తీగ ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతున్నదో కాగితం మీద పెట్టండి. విప్పే ముందు ఫోనుతో ఫోటోలు తీయండి, ప్రతి కొసకూ టేపు కట్టి పేరు రాయండి. లూకాస్ పద్ధతి బండ్లలో రంగులకు అర్థాలున్నాయి. గోధుమ రంగు నేరుగా బ్యాటరీది. తెలుపు తాళం చెవి తిప్పితే వచ్చేది. ఆకుపచ్చ, ఫ్యూజు దాటి వచ్చేది. నీలం హెడ్ లైట్లది. అందులో తెల్ల గీత ఉంటే హై బీము, ఎర్ర గీత ఉంటే డిప్పు. ఎరుపు పార్కింగు, టెయిల్ లైట్లది. నలుపు ఎర్తు. కొత్త తీగలు కూడా ఇవే రంగుల్లో వేయించండి. అన్నీ ఎర్ర తీగలే వేసి పోతే, రేపు దారి మధ్యలో ఆగిన రోజు ఏ మెకానిక్కూ దాన్ని చదవలేడు.

రెండు, బ్యాటరీ విప్పడం. బాడీకి కలిపిన టెర్మినల్‌ను ముందు విప్పాలి, బిగించేటప్పుడు ఆఖరున బిగించాలి. వరస తప్పితే చేతిలో పానా బాడీకి తగిలి నిప్పులు లేస్తాయి. చార్జింగు అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది. దాని దగ్గర బీడీ, అగ్గిపుల్ల వద్దు.

ఇక్కడే ఇంకో సంగతి. మోరిస్ వంశపు పాత బండ్లలో పాజిటివ్ బాడీకి కలిపి ఉంటుంది. ఇంగ్లండు కంపెనీలు నెగటివ్ ఎర్తుకు మారింది 1960ల నడుమ. మీ బండి ఏదో బ్యాటరీ దగ్గర కళ్లతో చూసుకోకుండా కొత్త రేడియో, ఎల్ఈడీ, చార్జరు, ఆల్టర్నేటరు ఏదీ తగిలించొద్దు. ఆల్టర్నేటరుకు తలకిందులుగా కలిపితే లోపలి డయోడ్లు క్షణంలో పోతాయి.

మూడు, తీగ కొనడం. ఇంటి వైరింగు తీగ బండికి వాడొద్దు. దాని తొడుగు సాధారణంగా 70 డిగ్రీల దాకా ఓర్చుకునేది. బండ్ల కోసం చేసిన తీగ 105 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది, సన్నటి పోగులు ఎక్కువుంటాయి కాబట్టి అదురుకు తెగదు. టెయిల్ లైటు, డాష్ బోర్డు బల్బులకు ఒక చదరపు మిల్లీమీటరు చాలు. హారనుకు, హెడ్ లైట్లకు రెండున్నర. బ్యాటరీ నుంచి రిలేలకు వచ్చే అసలు తీగ నాలుగు. ఫ్యూజులు కూడా ఈ లెక్కనే. ఒక చదరపు మిల్లీమీటరుకు 10 ఆంపియర్లు, రెండున్నరకు 20, నాలుగుకు 30. వీటన్నిటికీ పైన, బ్యాటరీకి జానెడు దూరంలోనే ఒక పెద్ద ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు ఎంత దూరమైతే, దానికి ముందున్న తీగకు అంత మేర కాపలా లేనట్టే.

పాత ఫ్యూజు పెట్టెను తీసి పారేయొద్దు. అందం కోసం దాని చోట దాన్ని ఉంచి, డాష్ బోర్డు కింద కనబడని చోట ఆరేడు ఫ్యూజుల కొత్త పెట్టె బిగించండి. ఒక్కో పనికి ఒక్కో ఫ్యూజు. అప్పుడు హారను తీగ కాలినా బ్రేకు లైటు వెలుగుతూనే ఉంటుంది.

నాలుగు, ఎర్తు. రంగు కొత్తగా వేసిన బండికి వచ్చే విచిత్రమైన జబ్బులన్నీ ఇక్కడివే. బ్రేకు నొక్కితే ఇండికేటరు మినుకుమంటుంది. హారను కొడితే డాష్ లైటు గుడ్డిదవుతుంది. బోల్టు కింద కొత్త పెయింటు మందంగా ఉండి కరెంటుకు తిరిగిపోయే దారి మూసేసిందని దీని అర్థం. బోల్టు కూర్చునే చోట రంగు గీకి, మెరిసే ఇనుము చూసి బిగించి, పైన గ్రీజు పూయాలి. అన్నిటికంటే ముఖ్యం, ఇంజనుకూ ఛాసిస్‌కూ మధ్య ఉండే లావు అల్లిక పట్టీ. ఇంజను దించి ఎక్కించినప్పుడు దీన్ని బిగించడం మరిచిపోతుంటారు. అప్పుడు సెల్ఫ్ మోటారు లాగే వందల ఆంపియర్లు తిరిగి పోవడానికి దారి లేక, యాక్సిలరేటరు తీగ గుండానో, చోకు తీగ గుండానో పోతాయి. సెల్ఫ్ కొట్టినప్పుడు చోకు తీగ నుంచి పొగ వస్తే చోకు మార్చకండి. పట్టీ వెతకండి.

ఐదు, అతుకులు. మెలిపెట్టి టేపు చుట్టడం ఇక మానేద్దాం. సరైన పనిముట్టుతో లగ్గు నొక్కి, పైన వేడికి ముడుచుకునే గొట్టం తొడగాలి. సోల్డరింగు బలమనుకుంటాం, కానీ సీసం పారినంత మేర తీగ బిరుసైపోయి, అది ఆగిన చోట అదురుకు తెగుతుంది. మన మట్టి రోడ్ల మీద జీపులో ఆ అదురు ఎంతో చెప్పక్కర్లేదు. తీగ ఇనప రేకును దాటే ప్రతి చోటా రబ్బరు గ్రామెట్ ఉండాలి. పెట్రోలు పైపును, సైలెన్సరు గొట్టాన్ని తీగ ఆనుకోకూడదు. జానెడుకో క్లిప్పు వేసి కట్టండి.

ఆరు, పరీక్ష. అంతా బిగించాక బ్యాటరీని నేరుగా కలపొద్దు. బ్యాటరీ టెర్మినల్‌కూ దాని తీగకూ మధ్య ఒక 21 వాట్ల ఇండికేటరు బల్బు పెట్టి చూడండి. స్విచ్చులన్నీ ఆపి ఉంచినా ఆ బల్బు నిండుగా వెలిగితే ఎక్కడో షార్టు ఉన్నట్టు. బల్బు అడ్డం ఉంది కాబట్టి రెండు ఆంపియర్లకు మించి పారదు, ఏదీ కాలదు. నింపాదిగా ఒక్కో ఫ్యూజు పీకుతూ పోతే ఏది పీకినప్పుడు బల్బు ఆరుతుందో తప్పు అక్కడుంది. ఇది రెండు రూపాయల తెలివి కాదు, బండినంతా కాపాడే తెలివి. ఆ తర్వాత మల్టీమీటరు. నిండుగా చార్జైన బ్యాటరీ నిలకడగా 12.6 వోల్టులు చూపాలి. ఇంజను తిరుగుతుంటే 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. అంతకు మించితే చార్జింగు ఎక్కువై, మన వేడికి బ్యాటరీ నీళ్లు త్వరగా ఎండిపోతాయి. ఎండాకాలంలో డిస్టిల్డ్ వాటరు తరచుగా చూసుకోండి.

ఇప్పుడు డైనమో తీసి ఆల్టర్నేటరు పెట్టే వాళ్లకు ఒక హెచ్చరిక. పాత డైనమో ఇచ్చేది ఇరవై ఆంపియర్ల చుట్టుపక్కల. అదీ ఇంజను బాగా తిరుగుతున్నప్పుడు. ఆల్టర్నేటరు దానికి రెట్టింపు ఇస్తుంది, నెమ్మది మీద కూడా ఇస్తుంది. మంచిదే. కానీ ఆ రెట్టింపు కరెంటు పాత తీగలోనే వస్తుంది కదా. జీపు డాష్ బోర్డులో ఆమ్మీటరు ఉంటే, ఆ కరెంటంతా దాని వెనకున్న రెండు చిన్న బోల్టుల గుండా పోతుంది. ఒక నట్టు వదులైనా చాలు, డాష్ బోర్డు వెనకే నిప్పు పుడుతుంది. ఆల్టర్నేటరు పెడితే బ్యాటరీకి లావు తీగ వేరుగా వేయించండి. ఆమ్మీటరు స్థానంలో వోల్టు మీటరు పెట్టండి. డైనమోకు ఉండిన పాత కటౌట్ పెట్టెను అందానికి ఉంచుకోవచ్చు, దానికి కరెంటు ఇవ్వొద్దు.

బుల్లెట్ వాళ్లకు మాత్రం ఆమ్మీటరు మీద ప్రేమ ఎక్కువ. దానికి కారణం లేకపోలేదు. పాయింట్ల బుల్లెట్టును లేపేటప్పుడు తాళం వేసి కిక్కును మెల్లగా కిందికి తొక్కుతారు. ముల్లు ఎడమకు ఒరిగి ఉంటే పాయింట్లు మూసుకుని ఉన్నట్టు. అది నడిమికి వచ్చి ఆగగానే పాయింట్లు తెరుచుకున్నాయన్నమాట, పిస్టను సరైన చోట ఉంది. అప్పుడు డీకంప్రెషరు పట్టి కొంచెం దాటించి, ఒక్క తొక్కు తొక్కితే బండి లేస్తుంది, కాలికి ఎదురుదెబ్బ తగలదు. ఈ ముల్లును ఎవరు వదులుకుంటారు? ఉంచుకోండి. దాని వెనక నట్లు బిగువుగా, లగ్గులు శుభ్రంగా ఉన్నాయో లేదో ఏడాదికోసారి చూసుకుంటే సరిపోతుంది.

1956 నుంచి మద్రాసు తిరువొత్తియూరులో తయారైన పాత బుల్లెట్లూ, మైసూరు నుంచి వచ్చిన జావా, యెజ్డీలూ చాలావరకు 6 వోల్టుల బండ్లు. వీటిని 12కు మార్చాలని అందరికీ ఉంటుంది. న్యాయమే. వాట్లు అవే అయితే 12 వోల్టుల్లో కరెంటు సగమే పారుతుంది కాబట్టి పాత తీగకు బరువు తగ్గుతుంది. అయితే తొడుగు బాగుంటేనే. బ్యాటరీ ఒక్కటి మార్చితే చాలదు. బల్బులన్నీ, హారను, ఇగ్నిషన్ కాయిలు, ఫ్లాషరు, చార్జింగు చేసే భాగం, అన్నీ 12 వోల్టులవి కావాలి. ఒక్కటి మరిచిపోయినా మొదట కాలేది అదే.

ఎల్ఈడీల గురించి రెండు మాటలు. టెయిల్ లైటుకు, డాష్ బోర్డుకు బాగుంటాయి, కరెంటు తక్కువ తింటాయి. ఎర్ర గాజు వెనక ఎర్ర ఎల్ఈడీనే వేయండి, తెల్లది వేస్తే రంగు పాలిపోతుంది. ఇండికేటర్లకు వేస్తే పాత ఫ్లాషరు సరిగా కొట్టదు, ఎలక్ట్రానిక్ ఫ్లాషరు కావాలి. హెడ్ లైటుకు మాత్రం తొందరపడొద్దు. ఆ గిన్నె ఫిలమెంటు ఉన్న చోటిని బట్టి చేసింది. ఎల్ఈడీ ముక్క పెడితే వెలుతురు చెదిరి, మన రోడ్డు మీద పడాల్సింది ఎదుటివాడి కళ్లలో పడుతుంది.

చట్టం సంగతి కూడా చూద్దాం. 2021లో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ బండ్లకు వేరే నియమాలు తెచ్చింది. 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న ద్విచక్ర, నాలుగు చక్రాల బండ్లకు నంబరులో వీఏ అనే అక్షరాలు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయలు, పదేళ్లకు చెల్లుతుంది, మళ్లీ చేయించుకోవడానికి 5,000. ఇట్లాంటి బండిని రోజువారీ పనికి, బాడుగకు వాడకూడదు. ఛాసిస్, బాడీ, ఇంజను మార్చేస్తే ఆ గౌరవం దక్కదు. అందుకే నేను పదే పదే చెప్తున్నాను, పైకి పాతది పాతదిలాగే ఉంచండి, లోపల భద్రం చేయండి. మామూలు రిజిస్ట్రేషనుతో 15 ఏళ్లు దాటి తిరిగే సొంత బండ్లు రెన్యూవల్‌కు పోయినప్పుడు లైట్లు, హారను, ఇండికేటర్లు చూస్తారు. అప్పటికప్పుడు తీగలు మెలిపెట్టే కంటే ఈ పని ముందే చేసుకోవడం మేలు.

ఆఖరుగా, ఎంత జాగ్రత్తపడినా నిప్పు పుట్టొచ్చు. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద బస్సు తగలబడిన సంగతి మన జిల్లాల్లో ఎవరూ మరిచిపోలేరు. ఆ ప్రమాదం బైకును ఢీకొన్నాక మొదలైంది, దాని కథ వేరు. కానీ బండికి మంట అంటుకున్నాక మనిషికి దొరికే సమయం ఎంత తక్కువో అది చూపించింది. అందుకని రెండు వస్తువులు పెట్టుకోండి. ఒకటి, బ్యాటరీ దగ్గర చేత్తో తిప్పి ఆపే కటాఫ్ స్విచ్చు. బండి షెడ్డులో పెట్టిన ప్రతిసారీ దాన్ని ఆపేస్తే ఎలుక కొరికినా భయం లేదు. రెండు, సీటు దగ్గర చేతికందే చోట పొడి మందు సిలిండరు, కిలోదో రెండు కిలోలదో. వైరు కాలిన వాసన రాగానే బండి పక్కకు ఆపి, ఇంజను ఆపి, అందరినీ దించి, కటాఫ్ తిప్పండి. బానెట్ కింద మంట ఉంటే బానెట్ పూర్తిగా ఎత్తొద్దు, గాలి తగిలి మంట లేస్తుంది. సందు చేసి పొడి లోపలికి కొట్టండి. పెట్రోలు మంట మీద నీళ్లు పోయొద్దు. మంట పెద్దదైతే బండిని వదిలేసి దూరంగా రండి.

ఈ పనంతా సొంతంగా చేయమని నేను చెప్పడం లేదు. మన ఊళ్లలో చేయి తిరిగిన ఆటో ఎలక్ట్రీషియన్లున్నారు. వాళ్లకు పని ఇచ్చేటప్పుడు ఈ మూడు అడగండి. అన్నా, ఈ తీగ ఎన్ని ఆంపియర్లు మోస్తుంది? దీనికి ఫ్యూజు ఎక్కడుంది? ఎర్తు ఎక్కడ బిగించావు? మూడింటికీ చూపించి జవాబు చెప్తే బండిని నిశ్చింతగా అప్పగించండి. చేతిలో ఉన్న డబ్బు అన్నిటికీ చాలకపోతే ముందు తీగలకూ ఫ్యూజులకూ పెట్టండి, రిలేలు వచ్చే నెల, కొత్త హారను పై ఏడాది. ఆ వరస ఒక్కటి తప్పకపోతే, తాతగారి జీపు మనవడి పెళ్లికి కూడా వెలుగుతూ వస్తుంది.